ప్రారబ్ధ కర్మ

ప్రారబ్ధ కర్మ లేదా ప్రారబ్ధం అనగా జీవుడు పూర్వం చేసిన కర్మలలో ఫలమివ్వడం ఇప్పటికే మొదలుపెట్టిన భాగం. వేదాంతంలో కర్మను సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని మూడు విధాలుగా విభజిస్తారు. వీటిలో ప్రస్తుత దేహానికి కారణమైనది ప్రారబ్ధం. ఆత్మజ్ఞానం కలిగినప్పుడు సంచితం నశిస్తుందని, ఆగామి అంటదని, ప్రారబ్ధం మాత్రం అనుభవంతోనే తీరుతుందని అద్వైత గ్రంథాలు సాధారణంగా చెబుతాయి. తెలుగు వాడుకలో ఈ మాట తలరాత, నుదుటిరాత వంటి మాటలకు పర్యాయపదంగా మారిపోయింది. శాస్త్రంలో దీని అర్థం అంతకంటె చాలా పరిమితమైనది. మనిషి వశంలో లేనిది ఎంత, ఉన్నది ఎంత అనే ప్రశ్న ఈ విభజన చుట్టూనే తిరిగింది.

పదం

ప్ర, ఆ అనే ఉపసర్గలు చేరిన 'రభ్' ధాతువు నుండి ప్రారబ్ధ శబ్దం ఏర్పడింది. ప్రారంభం అనే మాట కూడా ఆ ధాతువు నుండి వచ్చినదే. కనుక ప్రారబ్ధం అనగా 'మొదలుపెట్టబడినది' అని మాత్రమే అర్థం. ఎవరో రాసిపెట్టినది అనిగాని, మార్చ వీలులేనిది అనిగాని ఆ పదంలో లేదు.

కర్మ శబ్దానికి తెలుగులో అనేకార్థాలు ఉన్నందువల్ల విద్యార్థులు కొంత తికమకపడుతుంటారు. వ్యాకరణంలో కర్త చేసే పని ఎవరిపై లేదా దేనిపై జరుగుతుందో అది కర్మ. ధర్మశాస్త్రంలో యజ్ఞం, సంధ్యావందనం వంటి విహిత క్రియలు కర్మలు. వాడుకలో చనిపోయినవారికి చేసే అపర క్రియలను కూడా 'కర్మ చేయడం' అంటారు. తత్త్వశాస్త్రంలో మాత్రం చేసిన పనితోబాటు, ఆ పని మిగిల్చి ఫలంగా మారవలసి ఉన్న శక్తి కూడా కర్మయే. పూర్వమీమాంసకులు ఈ శక్తిని అపూర్వమని, న్యాయ వైశేషికులు అదృష్టమని అన్నారు. అదృష్టం అంటే కంటికి కనబడనిది. నేడు లాటరీ తగిలినవానిని అదృష్టవంతుడు అనడంలో ఆ పాత అర్థం పూర్తిగా మరుగున పడిపోయింది.

మూడు విధాల కర్మ

మూడు కర్మలను వివరించడానికి వ్యవసాయం నుండి తీసిన ఒక పోలిక వ్యాప్తిలో ఉంది. గాదెలో నిలవ ఉన్న ధాన్యం సంచితం. అందులోనుండి తీసి, దంచి, వండి విస్తరిలో వడ్డించినది ప్రారబ్ధం. ఈ ఏడు పొలంలో వేసిన పంట ఆగామి. గాదెలోని ధాన్యాన్ని అమ్మవచ్చు, దానం చేయవచ్చు, అగ్నిప్రమాదంలో అది కాలిపోనూవచ్చు. పొలంలో ఏమి విత్తాలో రైతు ఇష్టం. వండిన అన్నాన్ని మాత్రం తిరిగి ధాన్యం చేయడం సాధ్యం కాదు. ఆగామికి క్రియమాణం అనే పేరు కూడా ఉన్నది. కొందరు ఈ రెండింటికీ స్వల్ప భేదం చెబుతారు.

ప్రారబ్ధం ఏమేమి ఇస్తుంది అనడానికి పతంజలి యోగసూత్రాలలోని ఒక సూత్రాన్ని (2.13) ఆధారంగా చూపుతారు. కర్మాశయం పక్వమైతే జాతి, ఆయుస్సు, భోగం అనే మూడు ఫలాలు కలుగుతాయని ఆ సూత్రం చెబుతుంది. ఇక్కడ జాతి అనగా మనిషిగానో పశువుగానో పుట్టడం అని వ్యాఖ్యాతలు వివరించారు. నేటి వాడుకలోని కులం అన్న అర్థంలో దీనిని చదవడం పొరపాటు. భోగం అనగా సుఖదుఃఖాల అనుభవం. ఈ మూడింటిలో మనిషి చేసే నిర్ణయాలు, అతని మంచి చెడుల ఎంపిక లేవన్నది గమనించదగినది. అంతేగాక అదే గ్రంథం కొద్ది సూత్రాల తరువాత (2.16) ఇంకా రాని దుఃఖాన్ని తప్పించుకోవలసినదని చెప్పింది. రాబోయేదంతా ముందే నిర్ణయమై ఉంటే ఆ సూత్రానికి అర్థం ఉండదు.

ఉపనిషత్తులు, బ్రహ్మసూత్రాలు

చేసిన పనిని బట్టి మనిషి అవుతాడు అనే భావం బృహదారణ్యకోపనిషత్తులో స్పష్టంగా కనిపిస్తుంది. జనకుని సభలో ఆర్తభాగుడు, చనిపోయిన మనిషి ఏమవుతాడు అని అడిగినప్పుడు, యాజ్ఞవల్క్యుడు అతని చేయి పట్టుకొని, ఇది జనం మధ్య మాట్లాడవలసిన విషయం కాదని చెప్పి పక్కకు తీసుకొనిపోయాడు. వారిద్దరూ అక్కడ మాట్లాడుకొన్నది కర్మ గురించేనని ఉపనిషత్తు చెబుతుంది (3.2.13). తరువాతి కాలంలో ఇంటింటి మాటగా మారిన సిద్ధాంతం ఇంత గుట్టుగా మొదలుకావడం విశేషం.

ప్రారబ్ధ చర్చకు మూలమైనది ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలోని గాంధార పురుషుని కథ. దొంగలు ఒక మనిషికి కళ్ళకు గంతలు కట్టి గాంధార దేశం నుండి తీసుకొనివచ్చి, జనసంచారం లేని చోట వదిలిపెడతారు. దారి తెలియక అతడు నలుదిక్కులకు తిరిగి కేకలు వేస్తాడు. ఒక దయాళువు గంతలు విప్పి, గాంధారం ఈ దిక్కున ఉన్నదని చూపుతాడు. ఆ మనిషి ఊరూరా దారి అడుగుతూ తన దేశం చేరుకొంటాడు. ఆచార్యుడు ఉన్నవాడు ఈ విధంగానే తెలుసుకొంటాడని, దేహం నుండి విడివడే వరకే అతనికి ఆలస్యమని ఉద్దాలక ఆరుణి శ్వేతకేతువుకు బోధించాడు. గంతలు విప్పినవాడు ఆ మనిషిని భుజాన మోసుకొనిపోలేదు. నడిచినది ఇతడే. ఆ చివరి 'ఆలస్యం' మాత్రం వ్యాఖ్యాతలకు చిక్కుముడి అయింది. జ్ఞానం కలిగిన తరువాత కూడా దేహం ఎందుకు నిలిచి ఉంటుంది?

బ్రహ్మసూత్రాలు నాల్గవ అధ్యాయం మొదటి పాదంలో ఈ ప్రశ్నను తీసుకొన్నాయి. బ్రహ్మజ్ఞానం కలిగితే గత పాపం నశిస్తుంది, రాబోయే పాపం అంటదు, పుణ్యం విషయంలోనూ ఇంతే, అయితే నశించేది ఫలం ఇంకా మొదలుపెట్టని కర్మ మాత్రమే, మొదలుపెట్టినదానిని అనుభవంతో తీర్చుకొని జ్ఞాని బ్రహ్మాన్ని పొందుతాడు (4.1.13–15, 19). సూత్రకారుడు వాడిన విశేషణం 'అనారబ్ధకార్య'. ప్రారబ్ధమనే పారిభాషిక పదం వెనుక ఉన్న ఆలోచన ఇదే.

ఆదిశంకరుడు తన భాష్యాలలో రెండు ఉపమానాలతో దీనిని సమర్థించాడు. కుమ్మరి చేయి తీసివేసిన తరువాత కూడా సారె కొంతసేపు తిరుగుతుంది. వింటినుండి విడిచిన బాణం వేగం తగ్గేవరకు పోతూనే ఉంటుంది. అంబులపొదిలోని బాణాలు సంచితం, చేతిలోకి తీసుకొన్నది ఆగామి, వదిలినది ప్రారబ్ధం అని తరువాతివారు ఈ రెండవ పోలికను పెంచారు. సారె ఉపమానం ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారికలలో కూడా ఉన్నది. ఒకడు తన హృదయంలో బ్రహ్మాన్ని ఎరిగి, దేహంతోనూ ఉన్నానని అంటే మరొకడు దానిని ఎట్లా కాదనగలడని శంకరుడు ఇదే సందర్భంలో ప్రశ్నించాడు. శ్రుతిప్రమాణం, తర్కం ప్రధానంగా సాగే భాష్యంలో స్వానుభవానికి ఇంత చోటివ్వడం అరుదు.

జ్ఞానికి ప్రారబ్ధం ఉన్నదా?

బతికి ఉండగానే ముక్తి సాధ్యమని అద్వైతులు అంగీకరిస్తారు. దీనినే జీవన్ముక్తి అంటారు. ఇందులో ఒక ఇబ్బంది ఉన్నది. జ్ఞానం అజ్ఞానాన్ని సమూలంగా పోగొట్టేదైతే, అజ్ఞానంవల్ల కలిగిన కర్మలో ఒక భాగం మిగలడం ఎట్లా? మండనమిశ్రుడు బ్రహ్మసిద్ధిలో దీనికి సంస్కారశేషాన్ని కారణంగా చెప్పాడు. తాడును చూసి పామనుకొని భయపడినవాడు, అది తాడేనని తెలిసిన తరువాత కూడా కాసేపు వణుకుతూనే ఉంటాడు.

శంకరునిదిగా ప్రసిద్ధమైన అపరోక్షానుభూతి ఇంకా ముందుకుపోయి, జ్ఞానికి ప్రారబ్ధమే లేదన్నది. మేల్కొన్నవానికి కలలోని దేహం ఎట్లా లేదో జ్ఞానికి ఈ దేహం అట్లా లేదు. దేహమే లేనప్పుడు దానికి ప్రారబ్ధం ఎక్కడిది అని అందులోని వాదం. వివేకచూడామణిలో మొదట బాణం ఉపమానంతో ప్రారబ్ధాన్ని బలంగా చెప్పి, వెంటనే దానిని తోసిపుచ్చడం కనిపిస్తుంది. ఈ రెండు గ్రంథాలూ భాష్యకారుడైన శంకరుడు రచించినవేనా అన్న విషయంలో పండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

రామానుజాచార్యుడు జీవన్ముక్తిని అంగీకరించలేదు. దేహం ఉన్నంతవరకు కర్మబంధం ఉన్నట్లేనని, ముక్తి దేహపాతం తరువాతనే అని శ్రీభాష్యంలో వాదించాడు. శ్రీవైష్ణవ సంప్రదాయంలో భక్తియోగానికి, ప్రపత్తికి (శరణాగతికి) మధ్య ఈ విషయంలోనే భేదం చెబుతారు. భక్తియోగి ప్రారబ్ధం ముగిసేవరకు, అవసరమైతే మరికొన్ని జన్మలు కూడా వేచి ఉండాలి. శరణాగతి చేసినవానికి ఈ దేహం ముగియడమే హద్దు. ఆ కొద్ది ఆలస్యాన్ని కూడా సహించలేక వెంటనే మోక్షం కోరేవాడు ఆర్తుడు, దేహం ముగిసేవరకు వేచి ఉండేవాడు దృప్తుడు. కర్మ లెక్కను భగవంతుని దయ ఇక్కడ చాలావరకు కొట్టివేస్తుంది.

ప్రారబ్ధం, పురుషకారం

ప్రారబ్ధం తప్పదని నమ్మినవానికి ఇక ప్రయత్నం ఎందుకు అనే సందేహం చాలా పాతది. దీనికి సూటిగా సమాధానం చెప్పినవాడు 14వ శతాబ్దికి చెందిన, శృంగేరి పీఠాధిపతి అయిన విద్యారణ్యుడు. తత్త్వజ్ఞానంకంటె ప్రారబ్ధం బలమైనదని ఒప్పుకొంటూనే, ఆ ప్రారబ్ధంకంటె యోగాభ్యాసం బలమైనదని అతడు జీవన్ముక్తివివేకంలో నిర్ణయించాడు. ప్రారబ్ధానిదే ఎల్లప్పుడూ పైచేయి అయితే వైద్యశాస్త్రం మొదలు మోక్షశాస్త్రం వరకు అన్నీ వ్యర్థమవుతాయని అతడు చూపిన కారణం. జ్వరం వస్తే మందు పుచ్చుకొనేవాడు, తెలియకుండానే ఈ వాదాన్ని ఒప్పుకొన్నట్లు.

విద్యారణ్యునిదిగా ప్రసిద్ధమైన పంచదశి తృప్తిదీప ప్రకరణంలో ప్రారబ్ధం ఇచ్ఛా, అనిచ్ఛా, పరేచ్ఛా అని మూడు విధాలుగా చెప్పబడింది. అపథ్యమని తెలిసీ తినే రోగి మొదటిదానికి ఉదాహరణ. కోరకపోయినా బలవంతంగా లాగబడడం రెండవది. ఇతరుల కోసం, మొగమాటం కొద్దీ సుఖదుఃఖాలలో చిక్కుకోవడం మూడవది. జ్ఞానికి కూడా ఇవి తప్పవని, అయితే అతని కోరిక వేయించిన విత్తనం వంటిదని, తినడానికి పనికివస్తుందిగాని మొలకెత్తదని అక్కడి నిర్ణయం. మొగమాటాన్ని కూడా కర్మ విభాగాలలో చేర్చడం ఆ గ్రంథకర్త లోకజ్ఞానానికి నిదర్శనం.

ప్రయత్నపక్షాన్ని అందరికంటె గట్టిగా చెప్పిన గ్రంథం యోగవాసిష్ఠం. ముముక్షు వ్యవహార ప్రకరణంలో వసిష్ఠుడు రామునితో, దైవం అనేది పూర్వం తాను చేసిన ప్రయత్నమే తప్ప వేరు కాదన్నాడు. నిన్నటి ప్రయత్నం, నేటి ప్రయత్నం రెండు పొట్టేళ్ళవలె ఢీకొంటాయి, బలమైనది గెలుస్తుంది, నేటిది ఎక్కువ బలం పొందగలదు. 15వ శతాబ్దిలో మడికి సింగన ఈ గ్రంథాన్ని వాసిష్ఠ రామాయణం పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. కనుక పురుషకార వాదం తెలుగు పాఠకునికి కొత్తది కాదు.

భగవద్గీత పద్ధతి వేరు. ఏ కార్యానికైనా అధిష్ఠానం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, దైవం అని అయిదు కారణాలు ఉంటాయని పద్దెనిమిదవ అధ్యాయం (18.14) చెబుతుంది. దైవం ఇక్కడ అయిదింటిలో ఒకటి మాత్రమే, అదీ చివరిది. ఉపదేశమంతా ముగిసే సమయంలో కృష్ణుడు అర్జునునితో, పూర్తిగా ఆలోచించి ఇష్టమైనట్లు చేయమంటాడు (18.63). ఎంపిక చేయలేనివానితో ఎవరూ ఆ మాట అనరు. అయితే గీత కర్తకు మరో మెలిక పెట్టింది. ఆ అయిదు కారణాలు ఉండగా తానొక్కడే కర్తనని అనుకొనేవాడు సరిగా చూడలేదని తరువాతి శ్లోకాలలో ఉన్నది. ప్రయత్నించే స్వేచ్ఛ ఒకటి, ప్రయత్నించేవాడను నేనే అన్న భారం నుండి స్వేచ్ఛ మరొకటి.

20వ శతాబ్దిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ 1926లో ఆక్స్‌ఫర్డులో చేసిన ఉపన్యాసాలలో పేకాటను పోలికగా తీసుకొన్నాడు. పంచిన ముక్కలు గతకర్మను బట్టి వస్తాయి, వాటితో ఆడటం ఆటగాని ఇష్టం. మంచి ముక్కలు వచ్చి ఓడిపోయేవారు, చెడ్డ ముక్కలతో గెలిచేవారు ఉంటారు. ఈ పోలికలో ఆట నియమాలు, కర్మసిద్ధాంతం చెప్పే కారణకార్య నియమం వంటివి.

రమణ మహర్షి

ఈ విషయంలో రమణ మహర్షి (1879–1950) జీవితం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 1898 డిసెంబరులో తల్లి అళగమ్మ తిరువణ్ణామలై వచ్చి, ఇంటికి రమ్మని రోజుల తరబడి ఏడ్చింది. మౌనంలో ఉన్న రమణుడు కాగితం మీద సమాధానం రాశాడు. ఎవరి ప్రారబ్ధాన్ని బట్టి వారిని ఈశ్వరుడు ఆడిస్తాడని, జరగనిది ఎంత ప్రయత్నించినా జరగదని, జరగవలసినది అడ్డుకొన్నా ఆగదని, కనుక మౌనమే మంచిదని దాని భావం. కేవలం దీనినే చదివినవారు ఆయనను పూర్తి విధివాదిగా భావిస్తారు. అదే తల్లి 1914లో విషజ్వరంతో మంచం పట్టినప్పుడు ఆమె కోలుకోవాలని అరుణాచలేశ్వరుని ప్రార్థిస్తూ ఆయన పద్యాలు రచించాడు. ఆమె కోలుకొన్నది.

ఈ రెంటికీ పొందిక ఆయన రచనలలో దొరుకుతుంది. 1928లో తమిళంలో రచించిన ఉళ్ళదు నార్పదు అనే గ్రంథంలో, కర్త తానే అయితే ఫలం అనుభవించేదీ తానేనని, కర్త ఎవరని విచారించి తనను తెలుసుకొంటే కర్తృత్వంతోబాటు మూడు కర్మలూ పోతాయని చెప్పాడు. జ్ఞానికి ప్రారబ్ధం మిగులుతుందనడం ఇతరుల ప్రశ్నకు ఇచ్చే సమాధానం మాత్రమేనని ఆ గ్రంథపు అనుబంధంలో ఉన్నది. భర్త చనిపోతే అతని భార్యలలో ఏ ఒక్కరూ ముత్తైదువగా మిగలరు, అట్లే కర్త పోతే మూడు కర్మలలో ఏదీ మిగలదు అని అక్కడి ఉపమానం. విధి, స్వేచ్ఛ అనే వాదం వాటికి మూలం తెలియనివారికే అని కూడా ఆయన అభిప్రాయం.

జైన, బౌద్ధ మతాలలో

జైనులు కర్మను జీవునికి అంటుకొనే సూక్ష్మమైన ద్రవ్యంగా భావిస్తారు. కర్మ తన సమయానికి ఫలించడం ఉదయం. తపస్సుతో దానిని ముందే ఫలింపజేసి రాల్చివేయడం ఉదీరణ. కేవలజ్ఞానం పొందినవానికి కూడా వేదనీయం, ఆయువు, నామం, గోత్రం అనే నాలుగు అఘాతి కర్మలు దేహం ఉన్నంతవరకు మిగులుతాయి. ఇది వేదాంతుల ప్రారబ్ధానికి చాలా దగ్గరగా ఉంది.

బుద్ధుడు కర్మ అంటే సంకల్పమేనని నిర్వచించాడు. మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమే అనే వాదాన్ని ఆయన స్పష్టంగా తిరస్కరించాడు. అట్లా అయితే హత్య చేసేవాడు కూడా పూర్వకర్మవల్లనే చేస్తాడు, చేయదగినది చేయరానిది అనే తేడాయే ఉండదు అని అంగుత్తర నికాయంలోని వాదం. సంయుత్త నికాయంలో శివకుడనే పరివ్రాజకునికి చెబుతూ, బాధలు పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు వంటి ఎనిమిది కారణాలవల్ల కలుగుతాయని, కర్మఫలం వాటిలో ఒకటని లెక్కించాడు. మరొకచోట ఉప్పు ఉపమానం ఉంది. ఒక ఉప్పు గడ్డను చిన్న గిన్నెడు నీళ్ళలో వేస్తే తాగలేము. అదే గడ్డను గంగానదిలో వేస్తే తెలియను కూడా తెలియదు. చేసిన తప్పు ఒకటే అయినా, మనిషి శీలం పెరిగినకొద్దీ దాని ఫలపు బాధ తగ్గుతుంది. అయితే ఫలం పూర్తిగా తప్పదని అంగులిమాలుని కథ తెలుపుతుంది. హంతకుడైన అతడు అర్హతుడైన తరువాత శ్రావస్తిలో భిక్షకు పోతే రాళ్ళు, కర్రలు తగిలి తల పగిలింది. నరకంలో ఏళ్ళతరబడి అనుభవించవలసినది ఇక్కడే అనుభవిస్తున్నావు, ఓర్చుకో అని బుద్ధుడు అతనికి చెప్పాడు.

విమర్శ

ఎదుటివాని కష్టానికి అతని పూర్వజన్మ పాపమే కారణమని చెప్పి చేతులు దులుపుకోవడానికి ఈ సిద్ధాంతం చాలాకాలం ఉపయోగపడిందన్నది కాదనలేని విషయం. ఛాందోగ్యోపనిషత్తులోనే (5.10.7) నడవడిని బట్టి ఉత్తమ, నీచ జన్మలు కలుగుతాయనే వాక్యం ఉండటం కులవ్యవస్థ సమర్థకులకు ఆధారమైంది. కుష్ఠురోగాన్ని పూర్వజన్మ పాపఫలంగా భావించి రోగులను ఊరికి దూరంగా ఉంచారు. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ ఆ రోగానికి కారణమైన సూక్ష్మజీవిని గుర్తించాడు. నేడు ఆ రోగం మందులతో నయమవుతుంది. బాలవితంతువుల స్థితిని కూడా కర్మగానే భావించే రోజులలో కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించాడు.

1934 జనవరి 15న బీహారులో భయంకరమైన భూకంపం వచ్చినప్పుడు, అది అంటరానితనమనే పాపానికి దైవశిక్ష అని గాంధీ అన్నాడు. అంటరానితనం విషయంలో గాంధీతో ఏకీభవించే రవీంద్రనాథ్ ఠాగూరు, ప్రకృతి ఘటనలకు నైతిక కారణాలు అంటగట్టడం సరికాదని బహిరంగంగా ఖండించాడు. ఆ ఖండనను గాంధీ తన హరిజన్ పత్రికలోనే ప్రచురించాడు. అంబేద్కర్ విమర్శ ఇంకా తీవ్రమైనది. ఆయన మరణానంతరం 1957లో వెలువడిన 'ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ'లో, పూర్వజన్మ కర్మ ఈ జన్మను నిర్ణయిస్తుందనే భావం పేదల దుస్థితికి సమాజం, రాజ్యం బాధ్యత వహించకుండా తప్పించుకొనే సాధనమని రాశాడు.

ఈ విమర్శలకు వేదాంత గ్రంథాలలో కొంత సమాధానం ఉంది. కర్మగతి తెలుసుకోవడం కష్టమని గీతయే (4.17) చెప్పింది. ఫలానావాని ఫలానా కష్టం ఏ కర్మవల్ల కలిగిందో చెప్పగల ప్రమాణం సామాన్యుల వద్ద లేదు. పైగా పక్కవానికి సాయపడటం, పడకపోవడం చూసేవాని ఆగామి అవుతుందిగాని బాధపడేవాని ప్రారబ్ధం కాదు. అయితే ఈ అంశాన్ని ప్రాచీనులు ఉండవలసినంత గట్టిగా చెప్పలేదన్నది నిజమే.

తెలుగు వాడుకలో

విసుగుదల తెలిపేటప్పుడు కర్మ శబ్దాన్ని ఒత్తి 'ఖర్మ' అని పలకడం వాడుక. 'నా ఖర్మ', 'ఖర్మ కాలి' అనేవి నిత్యం వినిపించే మాటలు. 'ప్రారబ్ధం' కూడా ఇదే ధోరణిలో, ముఖ్యంగా పెద్దవారి నోట, నిట్టూర్పుతో వస్తుంది. 'చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవ' అనే సామెతలో మాత్రం చేసినవానిదే బాధ్యత అన్న మూలార్థం నిలిచి ఉంది.

త్యాగరాజు స్వరావళి రాగంలో ప్రారబ్ధాన్ని గురించి ఒక కీర్తన రచించాడు. తన ప్రారబ్ధం ఇట్లా ఉండగా ఇతరులను అనవలసిన పని లేదని రామునితో చెప్పుకోవడం అందులోని భావం. ఇక్కడ ఆ మాట ఎదుటివారి మీది నిందను తీసివేయడానికి వచ్చింది. ఇతరుల కష్టానికి వారి ప్రారబ్ధాన్ని కారణంగా చూపే వాడుకకు ఇది సరిగ్గా వ్యతిరేక దిశ.